పిల్లికి బిచ్చం

డండీలో జనవరి ఉదయం ఏడంటే
ఇంకా అర్ధరాత్రి కిందే లెక్క.
కిటికీ అవతల టే నది ఉందని నమ్మడమే, కనపడదు.
వంటింట్లో లైటు వేయకముందే
పన్నెండు పాదాలు నా పాదాల చుట్టూ.

పిల్లికి బిచ్చం పెట్టడని
ఎప్పుడో ఎవరినో అనే ఉంటాను.
ఆ మాట సముద్రాలు దాటి నన్ను వెతుక్కుంటూ వచ్చింది
తోక పైకెత్తుకుని.

బెల్లానికి చక్కెర జబ్బు.
ఒంటి రంగు చూసి పెట్టిన పేరు, దాని తప్పేం లేదు.
పశువుల డాక్టరమ్మ మోరాగ్ "బెలమ్" అని పిలిచి
అర్థం అడిగింది. చెప్పాను.
నవ్వొచ్చో రాకూడదో తెలియక
కళ్ళద్దాలు తుడుచుకుంది.
పిల్లి నాలుకకి అసలు తీపే తెలియదని
ఆవిడే చెప్పింది.
బుట్టని గుండెకానించుకుని మెట్లు దిగుతూ
ఒకటే అనుకున్నాను:
రుచైనా చూడని తీపికి ఇంత జరిమానానా!

ఆనాటినుంచీ మా ఇల్లు రేషన్ షాపు.
బెల్లానికి డబ్బాలోని తడి తిండి,
తక్కెడ మీద ఎనభై ఐదు గ్రాములు, పూటకి.
అది మూతి ముంచాక
మెడ వెనక తోలు గుడారంలా ఎత్తి సూది, రెండు యూనిట్లు.
తల కూడా ఎత్తదు. చెయ్యి వణికేది నాకే.

కరక్కాయకి పదిహేడేళ్ళు. ఎముకలు లెక్కపెట్టొచ్చు.
ఏం తింటే అదే పదివేలన్నారు దాని విషయంలో.
దానికి గుళికలే కావాలి,
రోజంతా తలో రెండు, ముసలమ్మ వక్కపలుకుల్లా.
జమీందారు సగం తిని
మిగతాది ఊరికొదిలేసి పోయే రకం.
ఆ ఊరంతా బెల్లమే.

నూట ఇరవై పౌన్లు పోసి
మెడలో చిప్పు చూసి మూత తెరిచే గిన్నె కొన్నాం.
కరక్కాయ నిలబడితేనే తెరుచుకుంటుంది.
మూడోరోజు తలుపు సందులోంచి చూశాను:
తింటున్న కరక్కాయ కొంచెం పక్కకి జరిగింది.
ఆ జరిగినంత చోటులోంచి
బెల్లం మూతి లోపలికి.
పిల్లికి ఎలుక సాక్ష్యమంటారు.
మా ఇంట్లో పిల్లికి పిల్లే సాక్ష్యం.

ఫ్రిజ్ మీద కాగితంలో సువర్చల చేతిరాత,
ఎవరెంత తిన్నారో, ఎంత మిగిల్చారో
గుళిక గుళికకీ లెక్క.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
సువర్చల ఆసుపత్రిలో డ్యూటీలో ఉంది.
తిన్నదంతా కక్కేసింది బెల్లం, సూది పడ్డాక.
వెనక కాళ్ళు తాగుబోతు నడక.
గోడని చూస్తూ నిలబడింది, గోడ పిలిచినట్టు.
ఫోన్లో ఎవరిదో నిదానమైన గొంతు:
"తేనె ఉందా? చిగుళ్ళకి రాయండి. తర్వాత ఏదైనా తినిపించండి, ఏదైనా సరే."

ఆవకాయ జాడీల వెనక, నాకు కనపడకూడదని
సువర్చల దాచిన సీసా.
నాకెప్పటినుంచో తెలుసు ఎక్కడుందో.
వేలు ముంచి ఆ చిన్న పళ్ళ మీద రాశాను.
గడియారం చూడలేదు. హీటర్ చప్పుడు మాత్రం విన్నాను.
ఎప్పటికో దాని చెవి ఇటు తిరిగింది.

అప్పుడు కరక్కాయని నిద్రలేపి
ఎత్తుకెళ్ళి గిన్నె ముందు నిలబెట్టాను.
మూత తెరుచుకుంది.
గుప్పెడు గుళికలు తీసి బెల్లం ముందు పోశాను,
ఇంకో గుప్పెడు.
తూకం లేకుండా.

తిన్నాక నా వేలు పట్టుకుంది.
తీపి తెలియని ఆ గరుకు నాలుక
తేనె అయిపోయినా నాకుతూనే ఉంది,
దేనికో మరి.

తెల్లవారి సువర్చల కోటైనా విప్పకుండా
నేలమీద కూర్చుని అంతా వింది.
బెల్లం తల నిమిరింది, నా తల కూడా.
తర్వాత కాగితం చూసింది, గిన్నె చూసింది.
"ఒక గుప్పెడు పోశానన్నావుగా.
ఇంతెలా తగ్గాయి?"

నేను జమీందారు వంక చూశాను.